అపార్ట్‌మెంట్ కామన్ లైట్లు: ఏవి మార్చాలి, ఏవి వదిలేయాలి, సెన్సర్ ఎక్కడ పెట్టాలి

అసోసియేషన్ మీటింగులో కామన్ కరెంటు బిల్లు మాట వచ్చిందంటే చాలు, ఎవరో ఒకరు "అన్నీ సెన్సర్ లైట్లు పెట్టించేద్దాం" అంటారు. ఇంకొకరు "టెర్రస్ మీద సోలార్ వేయిద్దాం" అంటారు. సెక్రటరీ గారు కొటేషన్ తెప్పిస్తానంటారు. ఈలోపు మెట్ల దగ్గర రాగి చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు జుమ్మని మోగుతూ వెలుగుతూనే ఉంటుంది.

ఇళ్లలో ఈ గొడవ ఎప్పుడో తీరిపోయింది. 2015 జనవరిలో కేంద్రం ఉజాలా పథకం మొదలుపెట్టాక, అంతకుముందు మూడు వందలు దాటి ఉన్న ఎల్‌ఈడీ బల్బు డెబ్భై ఎనభై రూపాయలకు దిగొచ్చింది. ఎవరి మీటరు వాళ్లది, ఎవరి బిల్లు వాళ్లది కాబట్టి ఎవరికి వాళ్లే మార్చేసుకున్నారు. కామన్ మీటరు దగ్గరికొచ్చేసరికి లెక్క వేరు. బిల్లు మెయింటెనెన్స్‌లోంచి పోతుంది, అందులో అద్దెకున్నవాళ్ల డబ్బూ ఉంటుంది. కొత్త లైట్ల ఖర్చు మాత్రం ఓనర్లు పెట్టుకోవాలంటారు. అందుకే పని సాగదు. ఆ సాగదీతలో ఎన్ని యూనిట్లు పోతున్నాయో ఒకసారి కాగితం మీద వేసుకుంటే, ఏ లైటు కొనాలన్న ప్రశ్న సగం తేలిపోతుంది.

నా మట్టుకు నేను చెప్పేది ఒకటే. ఎన్ని వాట్ల లైటు అని అడగడానికి ముందు అది రోజుకు ఎన్ని గంటలు వెలుగుతుందో అడగండి. ఎంపిక అంతా అక్కడే ఉంది.

ముందు గంటల లెక్క

నాలుగడుగుల పాత 40 వాట్ల ట్యూబు, దాని రాగి చోక్ రెండూ కలిపి 50 వాట్లకు కాస్త పైనే లాగుతాయి. లెక్కకు 50 అనుకుందాం. దాని చోట పెట్టే ఎల్‌ఈడీ బ్యాటెన్ (పట్టీ, లైటు ఒకటిగా వచ్చేది) 20 వాట్లు. యూనిట్ 9 రూపాయలు అనుకుంటున్నాను. మీ కామన్ సర్వీసు ఏ కేటగిరీలో ఉందో, యూనిట్ ఎంత పడుతోందో బిల్లు మీద చూసి ఆ అంకె వేసుకోండి. స్లాబుల పద్ధతిలో బిల్లు వస్తుంటే ఇంకో లాభం ఉంది. తగ్గే యూనిట్లు పై స్లాబులోంచి, అంటే ఖరీదైన యూనిట్లలోంచే తగ్గుతాయి.

మెట్ల దగ్గర లైటు రాత్రి 12 గంటలు వెలిగితే పాత ట్యూబు నెలకు 18 యూనిట్లు తింటుంది, ఎల్‌ఈడీ ఏడు యూనిట్లు. తేడా దాదాపు 11 యూనిట్లు, వంద రూపాయలకు అటూ ఇటూ. బ్యాటెన్ ధర, బిగింపు కూలి కలిపి 350 అనుకున్నా మూడు నాలుగు నెలల్లో పెట్టుబడి వచ్చేస్తుంది. అదే లైటు స్టిల్ట్ పార్కింగులోనో సెల్లార్‌లోనో పగలూ రాత్రీ వెలుగుతుంటే నెలకు 21 యూనిట్లకు పైగా మిగులుతాయి. రెండు నెలల్లో డబ్బులు తిరిగొచ్చినట్టే.

ఇప్పుడు అదే పాత ట్యూబు టెర్రస్ మీద, ట్యాంకు పక్కన ఉందనుకోండి. సాయంత్రం బట్టలు తీసుకోవడానికి వెళ్లినవాళ్లు గంటసేపు వేస్తారు. మార్చితే నెలకు మిగిలేది ఒక్క యూనిట్ కూడా కాదు. పెట్టుబడి రావడానికి మూడేళ్లు దాటుతుంది. దాన్ని అలాగే ఉండనివ్వండి, మాడిపోయినప్పుడు మార్చుకోవచ్చు. మీటరు గది, వాచ్‌మన్ సామాన్లు పెట్టుకునే మూల, లిఫ్ట్ మెషీన్ రూమ్ అన్నీ ఇదే లెక్కలోకి వస్తాయి. "ఒకేసారి అన్నీ మార్చేస్తే డిస్కౌంట్ ఇస్తాను" అనే ఎలక్ట్రీషియన్ మాటకు తొందరపడాల్సిన పని లేదు.

మొత్తం భవనానికి వేసి చూద్దాం. స్టిల్ట్ ప్లస్ అయిదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు అనుకోండి. మెట్లు, కారిడార్లలో 15 ట్యూబులు రాత్రంతా, పార్కింగులో 8 ఇరవై నాలుగు గంటలూ, కాంపౌండ్ గోడ చుట్టూ 4 రాత్రంతా. అన్నీ పాతవే అయితే నెలకు 630 యూనిట్లు. అన్నీ 20 వాట్ల ఎల్‌ఈడీ అయితే 252. అంటే 378 యూనిట్లు, సుమారు 3,400 రూపాయలు నెల నెలా మిగులు. ఖర్చు పది వేల లోపు. దీనికి జనరల్ బాడీ, కార్పస్ ఫండ్ చర్చ అక్కర్లేదు, మెయింటెనెన్స్ ఖాతాలోంచే అయిపోతుంది.

అయితే ఒక హెచ్చరిక. కామన్ బిల్లంతా లైట్లదే అనుకోకండి. 5 హెచ్‌పీ బోరు మోటారు గంటకు నాలుగున్నర యూనిట్ల దాకా లాగుతుంది. రోజుకు మూడు గంటలు తిరిగితే నెలకు నాలుగు వందల యూనిట్లు. లైట్లు మార్చిన నెలలోనే ఎండలు ముదిరి మోటారు గంట ఎక్కువ తిరిగితే, బిల్లు చూసి "ఎల్‌ఈడీలు పెట్టి ఏం లాభం" అనేవాళ్లు తప్పకుండా ఉంటారు.

అందుకే మార్చే ముందు రోజు రాత్రి ఒక చిన్న పని చేయండి. మోటారు ఆఫ్‌లో, లిఫ్ట్ కదలకుండా ఉన్నప్పుడు కామన్ మీటరు దగ్గర నిలబడండి. మీటరు మీద ఒక ఎర్ర చుక్క లైటు మినుకుమంటూ ఉంటుంది. దాని పక్కన యూనిట్‌కు 1600 అనో 3200 అనో పల్సుల సంఖ్య అచ్చువేసి ఉంటుంది. నిమిషంలో ఎన్నిసార్లు మినుకుమందో లెక్కపెట్టి, 60తో గుణించి, ఆ సంఖ్యతో భాగించండి. 3200 రాసి ఉన్న మీటరు నిమిషానికి 40 సార్లు మినుకుమంటే ఆ క్షణాన 0.75 కిలోవాట్ల లోడ్ ఉన్నట్టు. లైట్లు మార్చాక మళ్లీ ఇదే లెక్క చూస్తే మోటారు గొడవ లేకుండా తేడా కనబడుతుంది. పెద్ద అపార్ట్‌మెంట్లలో సీటీ మీటరు (ఎక్కువ కరెంటును తగ్గించి కొలిచే రకం) ఉంటే, బిల్లు మీద ఉండే మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్‌తో ఇంకోసారి గుణించాలి.

పాత పట్టీలో ఎల్‌ఈడీ ట్యూబా, కొత్త బ్యాటెనా, హోల్డర్‌లో బల్బా

ఎల్‌ఈడీకి మారాలా వద్దా అన్న చర్చ అయిపోయింది. మార్కెట్టే తేల్చేస్తోంది కూడా. మామూలు వెలుతురుకు వాడే ఫ్లోరసెంట్ ట్యూబుల తయారీ, ఎగుమతి, దిగుమతి 2027 చివరికల్లా ఆపేయాలని 2023లో జెనీవాలో జరిగిన మినమాటా ఒప్పంద (పాదరసం వాడకాన్ని తగ్గించే అంతర్జాతీయ ఒప్పందం) దేశాల సమావేశం నిర్ణయించింది. మన దేశమూ ఆ ఒప్పందంలో ఉంది. కాబట్టి స్టోర్‌రూములో ఉన్న డజను పాత ట్యూబులు అయిపోయేదాకా వాడుకుందామనే పొదుపు అసలు పొదుపే కాదు. అవి వెలిగే ప్రతి రాత్రీ ఎక్కువ ఖర్చే. మిగిలిన ప్రశ్న ఎల్‌ఈడీలో ఏ రకం అన్నదే.

పాత పట్టీ అలాగే ఉంచి అందులో ఎల్‌ఈడీ ట్యూబు పెట్టడం పైకి చవగ్గా కనబడుతుంది. కొన్ని ట్యూబులు చోక్ ఉండగానే, స్టార్టర్ స్థానంలో కంపెనీ ఇచ్చే డమ్మీ పెడితే వెలుగుతాయి. కొన్నింటికి చోక్, స్టార్టర్ రెండూ తీసేసి నేరుగా కరెంటు ఇవ్వాలి. చోక్ ఉంచేస్తే అదీ కొంత కరెంటు తింటుంది, చెడిపోయేవాటిలో ఇంకొకటి మిగిలినట్టూ అవుతుంది. తీసేస్తే, రేపెప్పుడో కొత్త వాచ్‌మన్ అలవాటుగా ఆ పట్టీలో పాత ట్యూబు బిగించే ప్రమాదం ఉంది. పదేళ్లు దాటిన పట్టీల్లో హోల్డర్లు ఎండకు పెళుసెక్కి, ట్యూబు తిప్పగానే చేతిలోకి ఊడొస్తాయి. నన్నడిగితే కామన్ ఏరియాలో పాత పట్టీ మొత్తం విప్పేసి కొత్త బ్యాటెన్ బిగించడమే నయం. ధరలో తేడా కూడా పెద్దగా ఉండదు.

ఇక హోల్డర్‌లో పెట్టే మామూలు బల్బు. చూడ్డానికి సాదాసీదాగా ఉంటుంది కానీ దీనికి ఒక పెద్ద గుణం ఉంది. మాడిపోతే వాచ్‌మన్ కూడా రెండు నిమిషాల్లో మార్చేయగలడు, వీధి చివర కిరాణా కొట్లోనూ దొరుకుతుంది. ఫాల్స్ సీలింగులో గుండ్రంగా, చదరంగా బిగించే ప్యానెళ్లు అందంగా ఉంటాయి, కానీ ఒకటి పోయిందంటే ఎలక్ట్రీషియన్ రావాలి. రెండేళ్ల తర్వాత అదే సైజు కోతకు సరిపోయే ప్యానెల్ దొరకదు. చివరికి ఆరు లైట్లలో ఒకటి తెల్లగా, ఒకటి పచ్చగా, ఒకటి చీకటిగా మిగులుతాయి. లాబీలో, లిఫ్ట్ ముందు ప్యానెళ్లు పెట్టుకోండి. అలా పెట్టినప్పుడు అదనంగా రెండు మూడు కొని సెక్రటరీ దగ్గర ఉంచండి, డ్రైవర్ (ఎల్‌ఈడీకి సరిపడేలా కరెంటును మార్చి ఇచ్చే చిన్న పెట్టె) విడిగా మార్చగలిగే రకమే తీసుకోండి. ప్యానెళ్లలో ముందుగా పోయేది మామూలుగా డ్రైవరే. ఎల్‌ఈడీ చిప్పులు బాగానే ఉంటాయి.

మెట్ల మీద బల్బులు మాయమవుతున్నాయనే కంప్లయింట్ ఉంటే బల్క్‌హెడ్ ఫిట్టింగులు చూడండి. స్క్రూలతో మూత బిగిస్తారు, చెయ్యి పెట్టి తిప్పేసుకుపోవడం కుదరదు. కానీ గాలి ఆడని గాజు డోముల్లో మామూలు ఎల్‌ఈడీ బల్బు పెట్టకండి. వేడి బయటకు పోయే దారి లేక తొందరగా పోతుంది. మూసి ఉండే ఫిట్టింగైతే ఎల్‌ఈడీ అందులోనే వచ్చే రకం కొనడమే మంచిది.

ఇప్పటికే సీఎఫ్‌ఎల్‌లు ఉన్న భవనాలూ ఉన్నాయి. 18 వాట్ల సీఎఫ్‌ఎల్ తీసి 10 వాట్ల ఎల్‌ఈడీ పెడితే రాత్రంతా వెలిగే చోట కూడా నెలకు మూడు యూనిట్ల లోపే మిగులుతుంది. బల్బు చవక కాబట్టి గిట్టుబాటే, కానీ దీనికోసం పనిగట్టుకుని ఎలక్ట్రీషియన్‌ను పిలవక్కర్లేదు. పోయినవి పోయినట్టు మార్చుకుంటే చాలు. ఒక్క లిఫ్ట్ క్యాబిన్ విషయంలో మాత్రం ఆగకండి. అక్కడ రెండు సీఎఫ్‌ఎల్‌లు పగలూ రాత్రీ వెలిగితే నెలకు 26 యూనిట్లు. అసలు చాలా లిఫ్టులలో కొన్ని నిమిషాలు ఎవరూ వాడకపోతే లైటు, ఫ్యాను ఆగిపోయే సౌకర్యం కంట్రోలర్‌లోనే ఉంటుంది, ఎవరూ ఆన్ చేయించుకోరంతే. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) మెకానిక్ తర్వాతిసారి వచ్చినప్పుడు అడగండి.

సెన్సర్లు: ఎక్కడ లాభం, ఎక్కడ తలనొప్పి

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి, డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే.

పాత ట్యూబు నుంచి ఎల్‌ఈడీకి మారినప్పుడు 50 వాట్లు 20కి దిగాయి. పెద్ద మిగులంతా ఆ ఒక్క మెట్టులో వచ్చేసింది. ఇప్పుడు ఆ 20 వాట్ల మీద సెన్సర్ పెట్టి ఇంకెంత మిగులుస్తారు? మనిషి కదిలినప్పుడు పూర్తి వెలుగు, లేనప్పుడు పావు వెలుగు ఇచ్చే బ్యాటెన్లు దొరుకుతున్నాయి. కారిడార్‌లో 12 గంటల్లో మూడు గంటలు పూర్తిగా, మిగతా సమయం 5 వాట్లతో వెలిగిందనుకుంటే నెలకు నాలుగు యూనిట్లు మిగులుతాయి. అంటే 36 రూపాయలు. సెన్సర్ బ్యాటెన్ 600 రూపాయలైతే పెట్టుబడి రావడానికి పదహారు పదిహేడు నెలలు. మధ్యలో సెన్సర్ చెడిపోతే అది కూడా రాదు.

అదే లైటును ఇరవై నాలుగు గంటలూ వెలిగే సెల్లార్‌లో పెట్టండి. నాలుగు గంటలు పూర్తి వెలుగు, ఇరవై గంటలు పావు వెలుగు. నెలకు 9 యూనిట్లు, 81 రూపాయలు మిగులు. ఏడెనిమిది నెలల్లో వచ్చేస్తుంది. కాబట్టి వరస ఇది: సెల్లార్‌కు సెన్సర్ తప్పకుండా, కారిడార్‌కు డబ్బులుంటే, మెట్లకు ఆలోచించి.

మెట్లకు ఎందుకు ఆలోచించాలంటే, అక్కడ పొదుపు కన్నా కాలు జారకుండా ఉండటం ముఖ్యం. పూర్తిగా ఆరిపోయి, మనిషి వచ్చాక వెలిగే రకం పెద్దవాళ్లకు కష్టం. చీకట్లో మొదటి మెట్టు మీద కాలు పెట్టాకే లైటు వస్తుంది. మెల్లగా దిగే మామ్మగారు రెండో మలుపు చేరేసరికి టైమ్ అయిపోయి ఆరిపోతుంది. మెట్లకు సెన్సర్ పెడితే మసకగా వెలుగుతూ ఉండే రకమే పెట్టండి, వెలుగు నిలిచే టైమ్ రెండు నిమిషాల కన్నా తక్కువ పెట్టకండి. అంతస్తుకు ఒక లైటు మాత్రం సెన్సర్ లేకుండా, ఇన్వర్టర్‌కో జనరేటర్‌కో కలిపి ఉంచండి. మంటలో పొగలో బయటికి పరిగెత్తేదీ ఆ మెట్ల మీదుగానే.

సెన్సర్లలో రెండు రకాలు. పీఐఆర్ అనేది ఒంటి వేడిని పట్టుకుంటుంది. మనిషి ఒంటికి, వెనకున్న గోడకు వేడిలో తేడా ఉంటేనే అది కదలికను గుర్తిస్తుంది. చలికాలంలో చక్కగా పనిచేస్తుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో గోడలే ఒంటి వేడికి దగ్గరగా కాగి ఉన్నప్పుడు దాని చూపు మందగిస్తుంది. దగ్గరికొచ్చి చేతులూపితే గానీ వెలగదు. ఎండాకాలంలోనే "సెన్సర్లు పాడైపోయాయి" అని ఫోన్లు ఎక్కువ రావడానికి ఇదొక కారణం. నిజానికి అవి పాడైపోవు.

మైక్రోవేవ్ రకం రాడార్ లాంటిది. వేడితో సంబంధం లేదు, ఎండాకాలంలోనూ ఒకేలా పట్టుకుంటుంది. దాని ఇబ్బంది వేరు. పల్చటి గోడలు, ప్లైవుడ్ తలుపులు, గాజు దాటి అవతల కదలికను కూడా పట్టేస్తుంది. కారిడార్‌లో పెడితే ఫ్లాట్ లోపల హాల్లో ఎవరు అటూ ఇటూ నడిచినా బయట లైటు వెలుగుతుంది. వాచ్‌మన్ గది సెల్లార్‌లోనే ఉంటే, ఆ గది తలుపు ముందున్న లైటు రాత్రంతా ఆరదు. దీనికి సెన్సర్ మీద ఉండే సెన్సిటివిటీ స్విచ్ తగ్గించుకోవాలి. బిగించేవాళ్లు దాన్ని ముట్టుకోరు, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే వదిలేసి వెళ్లిపోతారు. నిచ్చెన మీద ఉండగానే తగ్గింపించుకోండి.

నా సలహా: సెల్లార్‌కు, స్టిల్ట్‌కు మైక్రోవేవ్, మసక వెలుగు రకం. ఫ్లాట్ల తలుపులు ఎదురుబొదురుగా ఉన్న ఇరుకు కారిడార్‌కు పెట్టాలనే అనుకుంటే పీఐఆర్. ఎనిమిది లైట్లున్న పార్కింగులో ఆరింటికే సెన్సర్ పెట్టి, ర్యాంపు దగ్గర, లిఫ్ట్ దగ్గర ఉన్న రెండింటిని ఎప్పుడూ వెలిగేలా ఉంచండి. రాత్రి పొద్దుపోయి డ్యూటీ నుంచి వచ్చే ఆడపిల్ల చీకటి సెల్లార్‌లోకి స్కూటీ దింపాల్సి రావడం ఏ పొదుపుకూ తగదు.

ఒకే సెన్సర్‌తో నాలుగైదు పాత లైట్లను నడిపిస్తామనే ఎలక్ట్రీషియన్లు ఉంటారు. లైన్‌లో సీఎఫ్‌ఎల్‌లు ఉంటే ఆ మాట వినకండి. మాటిమాటికీ వెలిగి ఆరితే సీఎఫ్‌ఎల్ ఆయుష్షు సగానికి సగం పడిపోతుంది. ఎల్‌ఈడీలైతే ఫరవాలేదు, కానీ చవక సెన్సర్‌లోని రిలే (లైట్లను వేసి ఆపే లోపలి స్విచ్) ఒకేసారి అన్ని డ్రైవర్ల తొలి కరెంటును తట్టుకోలేక కాంటాక్టులు అతుక్కుపోతాయి. ఇక లైట్లు ఆరవు. దానికంటే సెన్సర్ లోపలే ఉన్న బ్యాటెన్లు విడివిడిగా పెట్టుకోవడం మేలు. ఒకటి పోయినా మిగతావి పనిచేస్తాయి.

బయట లైట్లు: టైమర్, డే-నైట్ సెన్సర్, సోలార్

కాంపౌండ్ గోడ మీద, గేటు దగ్గర మోషన్ సెన్సర్ పెట్టడం నాకు నచ్చదు. కుక్క వెళ్లినా వెలుగుతుంది, కొమ్మ ఊగినా వెలుగుతుంది. అక్కడ సమస్య ఎక్కువగా పగలు వెలిగే లైట్లే. వాచ్‌మన్ తెల్లారి నీళ్లు వదిలే హడావిడిలో స్విచ్ ఆపడం మర్చిపోతాడు, అవి మధ్యాహ్నం దాకా వెలుగుతూ ఉంటాయి.

దీనికి టైమర్ కన్నా డే-నైట్ సెన్సర్ మంచిది. హైదరాబాద్‌లో నవంబరు చివర సాయంత్రం 5:40కే పొద్దు గూకుతుంది, జూలై మొదట్లో 6:55 దాకా ఉంటుంది. గంటంబావు తేడా. మామూలు టైమర్‌ను ఏడాదికి నాలుగుసార్లు ఎవరు సరిచేస్తారు? పైగా పాత రకం టైమర్లు కరెంటు పోయినంతసేపూ ఆగిపోయి వెనకబడతాయి. డే-నైట్ సెన్సర్‌కు ఆ బాధ లేదు. వర్షాకాలం మబ్బు పట్టినా దానంతటదే వేసేస్తుంది. చేయాల్సిందల్లా, అది వెలిగించే లైటు వెలుగు దాని మీదే పడకుండా బిగించడం. పడిందంటే లైటు వెలగగానే తెల్లారిందనుకుని ఆపేస్తుంది, మళ్లీ చీకటనుకుని వేస్తుంది, రాత్రంతా అదే తంతు.

గేటు దగ్గర ఇంకా హాలోజన్ ఫోకస్ ఉంటే ఈ వ్యాసం పూర్తిగా చదవకుండానే లేచి మార్చేయండి. 500 వాట్ల హాలోజన్ రాత్రంతా వెలిగితే రోజుకు ఆరు యూనిట్లు. ఆ చోటికి 50 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్ లైటు మామూలుగా సరిపోతుంది. బయట బిగించేదేదైనా ఐపీ65 రకమే అయుండాలి, లేకపోతే తొలకరికే లోపల నీళ్లు చేరతాయి.

సోలార్ దీపస్తంభాల మీద నాకంత మోజు లేదు. కరెంటు తీగ ఎలాగూ ఉన్న కాంపౌండ్‌లో, 20 వాట్ల లైటు నెలకు వాడే 7 యూనిట్ల కోసం ప్యానెల్, బ్యాటరీ కొని, కొన్నేళ్లకు ఆ బ్యాటరీ మార్చుకోవడం లెక్కకు నిలబడదు. తీగ లాగడం కష్టమైన వెనక మూలకో, పార్కుకో అయితే సరే. టెర్రస్ మీద సోలార్ వేసి కామన్ మీటరుకు కలపడం మాత్రం వేరే సంగతి. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో హౌసింగ్ సొసైటీల కామన్ అవసరాలకు కిలోవాట్‌కు 18 వేల రూపాయల సబ్సిడీ ఉంది. కానీ వరస మార్చకండి. ముందు లైట్లు మార్చి, మూడు నెలల బిల్లు చూసి, తగ్గిన యూనిట్లకు సరిపడా ప్యానెళ్లు వేయండి. పాత ట్యూబులు తినే కరెంటుకు కూడా కలిపి ప్యానెళ్లు కొంటే అనవసరంగా పెద్ద ప్లాంటు అవుతుంది.

తెలుపా, వార్మా

మనవాళ్లకు 6500 కెల్విన్ తెలుపంటే ఇష్టం, "వెలుతురు బాగా వచ్చింది" అనిపిస్తుంది. సెల్లార్‌కు, మెట్లకు అదే పెట్టుకోండి, తప్పేం లేదు. బెడ్‌రూమ్ కిటికీల మీద పడే కాంపౌండ్ లైట్లకు, లాబీకి మాత్రం 3000 లేదా 4000 కెల్విన్, అంటే పసుపు వైపు మొగ్గే వెలుగు తీసుకోండి. తొలి వానలు పడ్డ సాయంత్రం ఉసిళ్లు లేచినప్పుడు తేడా కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. తెల్ల లైటు కింద గుమ్మం నిండా రెక్కలు రాలి ఉంటాయి, పసుపు లైటు దగ్గర చాలా తక్కువ. మర్నాడు ఊడ్చే మనిషికి ఆ తేడా ఇంకా బాగా తెలుసు.

కొనేటప్పుడు

పెట్టె మీద వాట్లు కాదు, లూమెన్లు (ఇచ్చే వెలుగు కొలత) చూడండి. వాట్‌కు వంద లూమెన్లకు తగ్గకుండా ఉండాలి. 20 వాట్ల బ్యాటెన్ అని 1,600 లూమెన్లే ఇచ్చేవి, పెట్టె మీద లూమెన్లే రాయనివి కూడా అమ్ముతున్నారు. బీఐఎస్ గుర్తు పక్కన ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది నిజమో కాదో అక్కడే తేలిపోతుంది, షాపులో నిలబడే చూసుకోవచ్చు.

నేనైతే పెట్టె మీది స్టార్ రేటింగు కన్నా ఎక్కువగా చూసేది ఇంకొకటి ఉంది, అధిక వోల్టేజ్ రక్షణ. త్రీ ఫేజ్ సర్వీసున్న భవనంలో న్యూట్రల్ వదులైతే 230 రావాల్సిన చోట 400 వోల్టుల దాకా వచ్చేస్తుంది. ఒక్క రాత్రిలో మూడంతస్తుల లైట్లు వరసగా పోయాయంటే సాధారణంగా కారణం ఇదే, కంపెనీని తిట్టి లాభం లేదు. పెట్టె మీద 440 వోల్టుల ప్రొటెక్షన్ అని రాసి ఉన్నవి ఆ దెబ్బకు ఆరిపోయి, వోల్టేజ్ సర్దుకున్నాక మళ్లీ వెలుగుతాయి. ఇరవై ముప్ఫై రూపాయలు ఎక్కువైనా అవే తీసుకోండి. లైట్లు మార్చే రోజునే మీటరు బోర్డులో న్యూట్రల్ లింకు స్క్రూలు బిగించమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి.

సీసీ కెమెరాలున్న చోట మరీ చవక లైటు పెడితే రికార్డింగులో నల్లటి అడ్డగీతలు పాకుతూ కనబడతాయి. ముందు కెమెరా సెట్టింగు 50 హెర్ట్‌జ్‌లో ఉందో లేదో చూడండి. అది సరిగ్గానే ఉండి గీతలు వస్తుంటే, ఆ లైటు డ్రైవర్ సరుకే నాసిరకం.

పాతిక ముప్ఫై లైట్లు ఒకేసారి కొంటున్నారు కాబట్టి ఆన్‌లైన్ ధర చూసుకుని, హైదరాబాద్‌లోనైతే ట్రూప్ బజార్ లాంటి చోట హోల్‌సేల్ అడగండి. అసోసియేషన్ పేరు మీద జీఎస్టీ బిల్లు తీసుకోండి. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే ఒప్పుకోకండి, రెండేళ్ల వారంటీ ఆ కాగితం మీదే నడుస్తుంది. బిగించిన తేదీని ప్రతి లైటు వెనక మార్కర్‌తో రాయించండి. 25 వేల గంటల ఆయుష్షని పెట్టె మీద ఉన్న లైటు రాత్రిపూట మాత్రమే వెలిగితే అయిదేళ్లు దాటుతుంది, సెల్లార్‌లో ఆగకుండా వెలిగితే మూడేళ్లు కూడా నిండవు. తేదీ లేకపోతే ఏది వారంటీలో ఉందో, ఏది తన కాలం తాను చేసి పోయిందో ఎవరికీ గుర్తుండదు.

అన్నీ ఒకేసారి కొనే ముందు ఒక్క అంతస్తుకు బిగించి నెల చూడండి. వెలుగు చాలదనో, కళ్లలోకి కొడుతోందనో కంప్లయింట్ వస్తే అప్పుడే మార్చుకోవచ్చు. స్విచ్ ఆపినా ఎల్‌ఈడీ మసగ్గా మెరుస్తూ ఉంటే దయ్యమేమీ కాదు. స్విచ్ ఫేజ్‌ను కాకుండా న్యూట్రల్‌ను కట్ చేస్తున్నట్టు, లేదా స్విచ్‌లో ఇండికేటర్ ఉన్నట్టు. మొదటిదైతే వెంటనే సరిచేయించండి. ఆపిన లైటు ముట్టుకున్నా షాక్ కొడుతుంది.

విప్పిన పాత సామాను సంగతి కూడా అదే రోజు తేల్చేయాలి. పాత సామాన్లు కొనేవాళ్లు చోక్‌లోని రాగి కోసం పట్టీలు తీసుకుంటారు, ట్యూబులు మాత్రం గోడ పక్కనే వదిలేస్తారు. రెండు రోజుల్లో పిల్లలు వాటిని పగలగొడతారు. ట్యూబుల్లో, సీఎఫ్‌ఎల్‌లలో పాదరసం ఉంటుంది. కేంద్ర ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం వీటిని చెత్త బండిలో వేయకూడదు, గుర్తింపు ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. కొత్త బ్యాటెన్లు వచ్చిన అట్టపెట్టెల్లోనే పాత ట్యూబులు పగలకుండా సర్ది ఉంచితే రీసైక్లర్ వచ్చినప్పుడు అలాగే ఎత్తి ఇచ్చేయొచ్చు. చోక్‌ల రాగికి వచ్చిన డబ్బు బిగింపు కూలిలో కొంతకు సరిపోతుంది, రేటు ముందే మాట్లాడుకోండి.